వాళ్ళ కేకు

డిసెంబరు ఇరవై మూడు రాత్రి
సంతపేట అమానుల్లా బేకరీలో
బన్నుల పని అయిపోయినాక
పొయ్యి మాది.
మాదంటే, చర్చి వీధిదీ, మిట్టూరుదీ, గిరింపేటదీ.
సైకిలు క్యారియర్ల మీదా, నడుముల మీదా
తడిగుడ్డ కప్పుకోని పిండి వచ్చేది,
జరమొచ్చిన చంటిబిడ్డను ఆసుపత్రికి తెచ్చినట్టు
కుదుపు లేకుండా.

మా అమ్మ సుగంధమ్మ పిండి నల్లగా ఉండేది.
నాయన పని చేసేది చక్కెర ఫ్యాక్టరీలో.
ఆరు నెలలుగా జీతం లేదు.
కాబట్టి మండీ బెల్లం,
చితక్కొట్టి, కరిగించి, రెండుసార్లు వడగట్టి
ఒకసారి చీమకు, ఒకసారి చెరుకు పీచుకు.
గుడ్లు మూడే. శొంఠి. వేయించిన చెనిగ్గింజలు.
ఎండుద్రాక్ష బదులు మామిడితాండ్ర ముక్కలు.
పక్క గిన్నెలోది పసుప్పచ్చగా మెరుస్తా ఉంటే
అమ్మ మా గుడ్డను ఇంకొంచెం కిందికి లాగేది.

గిన్నెకొక చీటీ, పేరు రాసి, మైదా జిగురుతో.
పొయ్యిలో చీటీలు మాడి రాలిపోతాయని
ఏటేటా తెలుసు. ఏటేటా రాస్తాం.
అమానుల్లా కొడుకు జిలానీకి
గిన్నెలంటే మొహాలే.
'సొట్టది మీది. చెవి లేంది జ్ఞానరత్నం టీచరమ్మది.'
ఆ ఏడు జిలానీకి టైఫాయిడ్.

ఇంటికొచ్చి బోర్లిస్తే
బంగారు రంగు కేకు పడింది.
గిన్నెకు సొట్ట ఉంది గానీ, మా సొట్ట కాదు.
తమ్ముడు ఇమ్మానుయేలు హల్లెలూయా అన్నాడు.
వాడి వీపు మీద ఒకటిచ్చి
అమ్మ బేకరీకి పరిగెత్తింది. షట్టరు దించేసినారు.
గిన్నె అడుగున మేకుతో చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరం,
'మ' నో, 'య' నో.
మార్తమ్మలనీ, మనోరంజితాలనీ, యాకోబు పెండ్లాన్నీ
అందర్నీ అడిగింది, గిన్నె చూపించకుండా.
చర్చిలో అనౌన్సు చేయిస్తామంటే వద్దనింది.
'నల్లది మాదని చెప్పల్ల గదా, అందరి ముందర.'

పండగ పొద్దున కోసింది.
ఒక ముక్క నోట్లో పెట్టుకోని కండ్లు మూసుకునింది.
ప్రార్థన అనుకున్నాం.
'ఆరు గుడ్లు' అనింది.
'వెన్న కాదు, డాల్డా. జాజికాయ గీరినారు, రవ్వంత.
కలిపిన మనిషిది ఎడమచేతి వాటం.'
అదెట్లా తెలుస్తుందమ్మా అంటే చెప్పలేదు.
ఇంకో ముక్కలో ఉప్పుగల్లు తగిలింది.
'ఏదో తొందరలో ఉండింది, పాపం.'

ఆ రాత్రి ఆమె లెక్కల నోటుబుక్కులో
పాలవాడి బాకీకీ చీటీపాటకీ నడుమ
ఒక పేజీకి పేరు పెట్టింది, వాళ్ళ కేకు.
కింద పెన్సిలుతో ఏటేటా దిద్దుబాట్లు.
ఇంకొంచెం మెత్తగా ఉండింది.
జాజికాయ కాదేమో, జాపత్రి.
ఉప్పుగల్లు ఒకటి కావాలనే వెయ్యల్ల.

జీతాలొచ్చినాక బేకరీకి రెండు గిన్నెలు పోయేవి.
ఫ్యాక్టరీ మూసేసినాక కూడా రెండే.
మాది మేం తినేది.
వాళ్ళదాన్ని అమ్మ వీధి వీధంతా పంచేది,
నమిలే ప్రతి నోటినీ చూస్తా,
ఎవరైనా నడుమలో ఆగుతారేమోనని.
ఎవరూ ఆగలేదు.
జిలానీ మాత్రం ప్రతిసారీ రెండో ముక్క అడిగి
తల వంచుకోని తినేవాడు.

ఇప్పుడు తిరుపతిలో, రెండో అంతస్తులో,
నాకు కరెంటు ఓవెన్ ఉంది. చీటీ అంటించే పని లేదు.
మాది నా బిడ్డలకు పడదు, బెల్లం వాసనంటారు.
వాళ్ళది రెండు రోజుల్లో ఖాళీ.
వంట ఎవరి దగ్గర నేర్చుకున్నావని అడిగిన మా అత్తకు
మా అమ్మ దగ్గరనే చెప్పినా.
పూర్తిగా నిజం కాదు.

ఆ గిన్నె ఇంకా నా దగ్గరే ఉంది.
బోర్లిస్తే కేకు అడుగున
ఆ చుక్కలు దిగబడి ఉంటాయి.
వేలితో ఒకసారి తడిమి
అక్కడ్నించే కోస్తాను.